అప్‌డేట్ వచ్చేదాకా గమకాలు వాయిదా

భద్రపట్నం ప్రభుత్వ సంగీత కళాశాలలో స్వరాలకి లెక్కాపత్రం లేదన్న సంగతి మొట్టమొదట కనిపెట్టినవాడు కనపర్తి సుధాకర్. అంతకుముందు ఆయన మత్స్యశాఖలో పనిచేశాడు. చేపపిల్లల లెక్క తేల్చడంలో జిల్లాలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. ఆ పేరు విని ముచ్చటపడ్డ ప్రభుత్వం, తన అలవాటు ప్రకారం, ఆయన్ని చేపలకి అందనంత దూరంగా సంగీతశాఖకి ప్రత్యేకాధికారిగా పంపింది.

వచ్చిన రోజునే ఆయన అధ్యాపకుల్నందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు.

"చెరువులో ఎన్ని పిల్లలు వదిలామో మా దగ్గర రికార్డు ఉండేది. తర్వాత ఎన్ని పట్టామో దానికీ రికార్డు ఉండేది. ఈ కళాశాల పెట్టి నలభై ఏళ్ళయింది. ఇన్నాళ్ళూ మీరు గాల్లోకి వదిలిన స్వరాలెన్ని? అందులో తిరిగి చేతికొచ్చినవెన్ని?"

వీణ చెప్పే ఆవిడ తలవంచుకుంది. ప్రిన్సిపాల్ డాక్టర్ తటవర్తి జ్ఞానప్రసాద్ మాత్రం తన కళ్ళముందే ఇంత ప్రజాధనం గాల్లో కలిసిపోయిందా అన్నట్టు లెంపలు వేసుకున్నంత పని చేశాడు. "ఇది అత్యంత శోచనీయమైన అంశం సార్. సత్వర దిద్దుబాటు చర్యలు చేపట్టవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది," అన్నాడు.

వెనక వరసలో కూర్చున్న నాదస్వరం లెక్చరర్ షేక్ మీరావలికి నవ్వొచ్చింది. కాగితాలమీద నాదస్వరం అంటారు గాని ఆ చుట్టుపక్కల అందరూ దాన్ని సన్నాయే అంటారు. మీరావలి ఇంట్లో ముత్తాత నాటి నుంచీ అదే వృత్తి. ఆ తాలూకాలో దేవుళ్ళందరినీ తెల్లారగట్ల నిద్రలేపిన వంశం వాళ్ళది. ఊదిన గాలి గాల్లోకి పోక జేబులోకి వస్తుందా అనుకున్నాడు. అనుకుని, నవ్వు బయటికి రాకుండా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

నెల తిరక్కుండా స్వరపత్రం అనే సాఫ్ట్‌వేర్ దిగింది. అది మూడో వెర్షన్. దాని మైకు ముందు కూర్చుని పాడితే, పాడిన స్వరాల్ని స రి గ మ అని తెరమీద టకటకా రాసుకుపోతుంది. నెలాఖరుకి ఆ పత్రాలన్నీ డైరెక్టరేటుకి వెళ్ళాలి. పత్రానికి ఎక్కిందే పాఠం, ఎక్కనిది పాఠం కాదు. మీరావలి వంతు వచ్చినప్పుడు ఆయన మైకుకి నమస్కారం పెట్టి, సన్నాయి అందుకుని, తోడి రాగం ఎత్తుకున్నాడు. హాల్లో ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. తెరమీద ఎర్రక్షరాలు వెలిగాయి.

"బయట చప్పుడు ఎక్కువగా ఉంది. దయచేసి కిటికీలు మూయండి."

కిటికీలు మూశారు. మీరావలి మళ్ళీ ఎత్తుకున్నాడు. తెర మళ్ళీ అదే మాట అంది. ప్రిన్సిపాల్ స్వయంగా బయటికి వెళ్ళి, గేటు ముందు జామకాయలమ్మే మనిషిని అవతలి వీధికి పంపి వచ్చాడు. అయినా చప్పుడు తగ్గలేదు. ఫ్యాన్లు ఆపారు. చెమటలు కారుతుండగా మీరావలి మూడోసారి వాయించాడు. సాఫ్ట్‌వేర్ ఈసారి, సమీపంలో ఏదైనా వాహనం ఆగి ఉంటే దాన్ని పక్కకి తీయించమంది.

కంపెనీకి ఉత్తరం రాస్తే జవాబు మర్యాదగానే వచ్చింది. మూడో వెర్షన్‌కి నిటారుగా నిలబడ్డ స్వరాలు మాత్రమే కనిపిస్తాయి. స్వరాన్ని కదిలించి, ఊపి, పక్కస్వరం గుమ్మందాకా తీసుకెళ్ళి మళ్ళీ ఇంటికి తీసుకొచ్చే వ్యవహారం ఉందే, గమకం, అది దీనికి చప్పుడులాగే వినబడుతుంది. గమకాలు నాలుగో వెర్షన్‌లో వస్తాయి. నాలుగో వెర్షన్ త్వరలో వస్తుంది.

మీరావలి ఆ ఉత్తరం చూసి, పోనీలే పాపం, వాళ్ళ తప్పు వాళ్ళే ఒప్పుకున్నారు, అది వచ్చినప్పుడు చూసుకుందాం అనుకున్నాడు. సుధాకర్ అలా అనుకోలేదు. పెద్ద ఉద్యోగికీ చిన్న ఉద్యోగికీ తేడా అక్కడే ఉంటుంది. మర్నాడు నోటీసుబోర్డు మీద సర్క్యులర్ ఉంది.

"గమకములు నాలుగవ వెర్షన్ నందు రానున్న దృష్ట్యా, అంతవరకు కళాశాల ఆవరణలో గమకములు లేకుండా పాడవలెను, వాయించవలెను. ఇప్పుడు గమకములతో బోధించినచో, అప్‌డేట్ అనంతరం వాటినే మరల బోధించవలసి వచ్చును. ఒకే గమకమునకు రెండుసార్లు జీతము చెల్లించుట ప్రజాధన దుర్వినియోగము క్రిందికి వచ్చును."

స్టాఫ్ మీటింగులో గాత్రం చెప్పే వైదేహి లేచి నిలబడింది. ఆవిడ ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగదు.

"గమకం లేకుండా తోడి ఎలా పాడమంటారు సార్?"

"తాత్కాలికంగా పాడండి," అన్నాడు సుధాకర్.

ఆ జవాబులో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. వైదేహి కూర్చుంది. మీరావలి లేవబోయాడు గాని పక్కనున్న వయొలిన్ మాస్టారు ఆయన లాల్చీ పట్టుకు లాగాడు. "ఎందుకండీ, ఇవాళో రేపో అప్‌డేట్ వచ్చేస్తుందిగా," అన్నాడు. ఆ కళాశాలలో తర్వాత రెండేళ్ళపాటు, అన్నం తిన్నారా అన్నంత మామూలుగా అందరూ అనుకున్న మాట అదే.

అయితే గమకం ఉండాల్సిన చోట ఏమీ లేకపోతే, అప్‌డేట్ వచ్చాక అవి ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుందన్న సమస్య వచ్చింది. దానిమీద ఒక కమిటీ వేశారు. కమిటీ మూడుపూటలు కూర్చుని, పాడేవాళ్ళు గమకం రావలసిన చోట ఒక వేలు పైకెత్తాలని, పక్కన కూర్చున్నవాళ్ళు అది చూసి స్వరపత్రంలో ఒక చుక్క పెట్టాలని తేల్చింది. ఇక ఏ వేలు అన్నది ప్రశ్న. కుడిచేతి వేళ్ళు తాళానికి కావాలి. ఎడమచేతి చూపుడువేలు ఎత్తితే ఎదుటివాణ్ణి బెదిరించినట్టుంటుంది. బొటనవేలు చూపిస్తే వెక్కిరించినట్టుంటుంది. మధ్యవేలు గురించి కమిటీలో ఆడవాళ్ళున్నారని చర్చించలేదు. ఉంగరపు వేలు ఒంటరిగా లేవదు. చివరికి మిగిలింది చిటికెన వేలు.

మన దేశంలో పుట్టి, బడికి వెళ్ళిన ప్రతివాడికీ చిటికెన వేలు ఎత్తితే అర్థమేమిటో తెలుసు. కమిటీలో ఉన్న తొమ్మిదిమందీ బడికి వెళ్ళినవాళ్ళే. పెద్ద చదువులు చదివేసరికి చిన్నప్పటి అవసరాలు మర్చిపోయి ఉంటారు.

కళాశాల వార్షికోత్సవానికి ఊరంతా వచ్చింది. వైదేహి శిష్యురాళ్ళు పన్నెండుమంది వరసగా కూర్చుని, ఇనపకడ్డీల్లాంటి స్వరాలతో తోడి మొదలుపెట్టారు. తోడిలో గమకం లేని చోటు వెతుక్కోవాలి. పన్నెండు చిటికెన వేళ్ళు లేచిన వేళ్ళు లేచినట్టే ఉండిపోయాయి. ముందువరసలో ఒక ముసలావిడ కాసేపు ఓపిక పట్టి, పట్టి, లేచి నిలబడింది.

"మీకు దయా దాక్షిణ్యం ఉందా అయ్యా? ఎంతసేపట్నించి అడుగుతున్నారు పిల్లలు! ముందు వాళ్ళని బయటికి పంపి రమ్మనండి. పాట ఎక్కడికీ పోదు."

హాలు గొల్లుమంది. సుధాకర్ నవ్వలేదు. ఆయన పత్రం చూసుకున్నాడు. ఒక్క తోడి పాటకే చుక్కలు కుప్పతెప్పలుగా పడ్డాయి. చేపల చెరువులో అంత దిగుబడి ఆయన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు.

చిక్కల్లా వాద్యాల దగ్గర వచ్చింది. వయొలిన్ వాయించేవాడి రెండు చేతులూ పనిలో ఉంటాయి. వాళ్ళకి వేలెత్తే సహాయకుల్ని ఇచ్చారు. సన్నాయి పక్కన ఉండేది డోలు. డోలు వాయించేవాడి వేళ్ళకి తొడుగులుంటాయి, తొడుగులున్న వేలు లెక్కలోకి రాదని కమిటీ అభిప్రాయపడింది. పైగా సన్నాయిలో నిటారు స్వరం ఊదితే రైలు ప్లాట్‌ఫారం మీదకి వస్తోందనుకుని రెండుసార్లు జనం ఇళ్ళలోంచి బయటికొచ్చారు. అందుచేత నాదస్వర శాఖని అప్‌డేట్ వచ్చేవరకు నిరీక్షణ శాఖగా మారుస్తూ ఉత్తర్వు వచ్చింది. టైంటేబుల్లో ఉదయం నిరీక్షణ థియరీ, మధ్యాహ్నం నిరీక్షణ ప్రాక్టికల్. ప్రాక్టికల్ అంటే సన్నాయి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం.

ఆ శాఖలో మిగిలిన విద్యార్థిని ఒక్కతే, సువర్చల. ఆమె తండ్రి ఊరూరా పెళ్ళిళ్ళకి డోలు వాయిస్తాడు. ఆడపిల్లకి సన్నాయేమిటని నలుగురూ ముక్కున వేలేసుకుంటే, దానికి ఊపిరుంది ఊదుతుంది, మీకేం పోయిందన్నాడట. నిజంగానే ఊపిరుంది. మీరావలి తన సర్వీసులో అటువంటి శిష్యురాల్ని చూడలేదు. తోడిలో గాంధారాన్ని ఆమె పట్టుకుని ఊపితే ఆయనకి తన తండ్రి గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లేవి. కొండమీద నరసింహస్వామి దేవస్థానంలో సన్నాయి కొలువు ఖాళీగా ఉంది. రెండేళ్ళుగా అక్కడ స్వామికి మేలుకొలుపు ఒక రికార్డు వినిపిస్తోంది. ఆ కొలువుకి డిప్లొమా కావాలి. డిప్లొమాకి ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష కావాలి. ఆ పరీక్ష నాలుగో వెర్షన్ మీదే జరపాలని బోర్డు తీర్మానించింది. కాబట్టి సువర్చల రెండేళ్ళుగా ఆఖరి సంవత్సరంలోనే ఉంది.

"ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పెదవి మొద్దుబారిపోద్దమ్మా. మన విద్య గుడ్డలో చుట్టి దాచుకునేది కాదు," అన్నాడు మీరావలి. ఆవరణలో కూడదన్నారు గనక ఆవరణ దాటించి, ఊరవతల రొయ్యల చెరువు గట్టుకి తీసుకెళ్ళాడు. అక్కడ చెరువులో నీళ్ళు చిలికే యంత్రాలు తిరుగుతుంటాయి. ఆ హోరులో రోజూ సాయంత్రం సువర్చల తోడి వాయించేది. చెరువు యజమాని మొదట్లో రొయ్యలు బెదురుతాయేమోనని భయపడ్డాడు. అవి బెదరలేదు. ప్రభుత్వోత్తర్వులు వాటిదాకా వెళ్ళలేదు.

ఈలోగా కళాశాల నాలుగో వెర్షన్‌కి ఎదురుచూడటం అనే పనిలో మునిగిపోయింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, అలాగ స్వాగత సంఘం ఒకటి ఏర్పడింది. "ఉగాదికి వస్తున్న నాలుగవ వెర్షన్‌కు సుస్వాగతం" అని గేటుకి బ్యానర్ కట్టారు. ఉగాది వెళ్ళిపోయింది. ఉగాది మీద దసరా అని కాగితం అంటించారు. దసరా మీద మళ్ళీ ఉగాది అంటించారు. గాలివాన వచ్చి కాగితాలన్నీ లేచిపోతే, కింద ఏ పండగ ఉందో ఎవరికీ తెలియలేదు. స్వాగత గీతం ఒకటి కట్టించి, గమకాలొచ్చాక బాగుంటుందని దాన్ని పాడకుండా ఉంచారు. నెలనెలా నివేదిక మాత్రం తప్పకుండా వెళ్ళేది. వాడిన గమకాలు: లేవు. పెట్టిన చుక్కలు: కొల్లలు. ఒకసారి కంపెనీ నుంచి ఒక కుర్రమేనేజరు వచ్చి, "మీ నివేదికలే మాకు దారిదీపాలు సార్. మీరు ఏది ఎక్కువ వాడితే అదే మేము అభివృద్ధి చేస్తాం," అని చెప్పి, శాలువా కప్పించుకు వెళ్ళాడు.

అన్నిటికన్నా విడ్డూరం మీరావలికి జరిగింది. మొదట్లో నవ్విన మనిషి, తర్వాత తిట్టిన మనిషి, మెల్లమెల్లగా అందరికన్నా ఎక్కువగా ఆయనే ఎదురుచూడసాగాడు. దేవస్థానం వాళ్ళు ఈ వైశాఖంలో నరసింహ జయంతి దాకా చూస్తామని, ఆపైన కొలువు ఇంకొకరికి ఇచ్చేస్తామని కబురు చేశారు. ఆ రోజునుంచీ పొద్దున్నే కాలేజీకి రాగానే ఆయన కంప్యూటర్ గదిలోకి తొంగిచూసేవాడు.

"ఏమన్నా వచ్చిందా?"

"త్వరలో అంటున్నారండీ."

"నిన్న కూడా త్వరలోనే అన్నారు కదయ్యా?"

"నిన్న త్వరలో అన్నారండీ. ఇవాళ అతిత్వరలో అన్నారు."

ఆ 'అతి' అనే ముక్క పట్టుకుని ఆ రోజంతా సంతోషంగా ఉన్నాడు మీరావలి. అలా సంతోషించినందుకు ఆ రాత్రి తనమీద తనకే అసహ్యం వేసింది. కాని పిల్ల బతుకు దానిమీద వేలాడుతుంటే ఏం చేస్తాడు?

చివరికి చైత్రం వెళ్ళి వైశాఖం వచ్చాక నిజంగానే తేదీ వచ్చింది. సాంస్కృతిక శాఖ మంత్రిగారు వచ్చి మీట నొక్కుతారు. అదే సభలో, అందరి ఎదుటా, నాలుగో వెర్షన్ మీద జరిగే మొట్టమొదటి పరీక్ష సువర్చలది. దేవస్థానం కార్యనిర్వహణాధికారి వల్లూరి పానకాలరావుని కూడా పిలిచారు. సభకి రెండ్రోజుల ముందు మంత్రిగారి సహాయకుడు ఫోన్ చేసి, ముహూర్తానికి మంగళవాద్యం తప్పనిసరి అన్నాడు. క్రితంసారి మేళం లేకుండా శంకుస్థాపన చేసినందుకు మంత్రిగారి శాఖ మారిపోయిందట.

ప్రిన్సిపాల్ గదిలో అత్యవసర సమావేశం జరిగింది.

"అప్‌డేట్ జరగనిదే ఆవరణలో సన్నాయి వాయించడానికి నిబంధనలు అంగీకరించవు," అన్నాడు ప్రిన్సిపాల్.

"సన్నాయి వాయించనిదే మంత్రిగారు మీట నొక్కరు," అన్నాడు సుధాకర్.

"మీట నొక్కనిదే అప్‌డేట్ జరగదు సార్."

"సమస్యను సమగ్రంగా వివరించారు. పరిష్కారం చెప్పండి."

పరిష్కారం మీరావలి చెప్పాడు. ఆ సంగతి తర్వాత తలచుకున్నప్పుడల్లా ఆయన ఒళ్ళు ముడుచుకుపోయేది. "పెళ్ళిలో తాళి ముందా, గట్టిమేళం ముందా సార్? రెండూ ఒక్కసారే. అయ్యగారు మీట మీద వేలు పెట్టే టయానికి నేను గట్టిమేళం అందుకుంటా. ఏది ముందో ఏ బ్రహ్మదేవుడూ చెప్పలేడు."

సుధాకర్ లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. "మీలో మంచి పరిపాలనాదక్షత ఉన్నదండీ," అన్నాడు. ఎవరైనా తిడితే పడిన మనిషే గాని, ఆ మాటకి మాత్రం మీరావలి రాత్రి అన్నం తినలేకపోయాడు.

సభరోజున గట్టిమేళం మోగింది, మీట నొక్కారు, అక్షింతలు పడ్డాయి. గోడంత తెరమీద నాలుగో వెర్షన్ కళ్ళు తెరిచింది. ముందు రెండు ఏనుగులొచ్చి తొండాలెత్తి నమస్కరించాయి. తర్వాత కొత్త సౌకర్యాల ప్రకటన వచ్చింది. ప్రిన్సిపాల్ దాన్ని మైకులో చదివాడు.

"మీ కళాశాల వాడుకను రెండేళ్ళుగా శ్రద్ధగా పరిశీలించాము. మీరు అత్యధికంగా ఉపయోగించినది చిటికెన వేలు. కావున ఇకపై చుక్కకు బదులు చిటికెన వేలు గుర్తును పదహారు రంగులలో అందిస్తున్నాము." చప్పట్లు మోగాయి. "ఇక గమకముల విషయం. గత రెండేళ్ళలో మీ సంస్థలో ఒక్క గమకము కూడా నమోదు కాలేదు. వాడుకలో లేని సౌకర్యములు వ్యవస్థకు భారము గనుక, గమకములను శాశ్వతంగా తొలగించి, వాటిని తప్పుల జాబితాలో చేర్చడమైనది."

అక్కడ చప్పట్లు కాస్త తడబడ్డాయి. సుధాకర్ మైకు అందుకున్నాడు. భద్రపట్నం చిటికెన వేలు ప్రపంచ సంగీతానికి తెలుగువారి కానుక అన్నాడు. చప్పట్లు మళ్ళీ దారిలో పడ్డాయి. వైదేహి ఒక్కతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

మీరావలి దేనికోసం ఇన్నాళ్ళూ గుమ్మం కాశాడో అది వచ్చింది, వచ్చి చెంపమీద కొట్టింది. పరీక్ష ఆపించడానికి లేచేలోపే ప్రిన్సిపాల్ సువర్చల పేరు పిలిచేశాడు.

కొత్త వెర్షన్ తనంతట తనే మార్కులు వేస్తుంది. వాయించే మొత్తం సమయంలో తప్పు లేని సమయం ఎంతో లెక్కగట్టి, నూటికి ఎన్నో తెరమీద చూపిస్తూ పోతుంది. ముప్ఫై అయిదు దాటితే పాసు. సువర్చల గురువు వంక చూసింది. ఆయన మొహంలో ఏమీ కనిపించలేదు. కళ్ళు మూసుకుని తోడి ఎత్తుకుంది.

రొయ్యల చెరువు హోరుని గెలవడానికి అలవాటుపడ్డ ఊపిరి అది. రెండేళ్ళ తర్వాత ఆ గోడల మధ్య మొదటిసారి ఒక స్వరం కదిలింది. షడ్జం దగ్గర మంత్రిగారు ఫోన్ పక్కన పెట్టారు. రిషభం దగ్గర పానకాలరావు కుర్చీలోంచి ముందుకి వంగాడు. హాల్లో పిల్లల ఎడమచేతులు అలవాటుకొద్దీ లేవబోయి, లేవడం మర్చిపోయి, ఒళ్ళో పడిపోయాయి. తెరమీద అంకె మాత్రం నలభై నుంచి ఇరవై రెండుకి, ఇరవై రెండు నుంచి పదకొండుకి, పదకొండు నుంచి ఏడుకి జారింది. మంచి గమకం పడ్డప్పుడల్లా ఒక మార్కు పోతోంది.

మీరావలి ఒకసారి తెరని చూశాడు, ఒకసారి పిల్లని చూశాడు. ఆమె గాంధారం దగ్గరికి వస్తోంది. అక్కడికి వచ్చిందంటే ఆ అంకె సున్నాకి పోతుంది. సున్నాకి పోతే ఇక పైకి లేవదు, డిప్లొమా లేదు, కొలువు లేదు, కొండమీద ఆ రికార్డే ఎప్పటికీ తిరుగుతుంది. మీటింగులో వైదేహి ఒక్కతే లేచి అడిగినప్పుడు లేవని మనిషి, కమిటీ కాగితాలమీద అందరితోపాటు సంతకాలు పెట్టిన మనిషి, అప్పుడు లేచాడు. లేచి చెయ్యెత్తాడు.

"ఆపమ్మా."

సువర్చల కళ్ళు తెరిచింది. గాంధారం సగంలో ఉంది. గురువు మొహం చూసి, పెదవుల మధ్యనుంచి సన్నాయి తీసేసింది.

హాలు నిశ్శబ్దమైంది. తెరమీద అంకె ఒక్క క్షణం అలాగే ఉండి, తర్వాత ఎనిమిదైంది. తొమ్మిదైంది.

"పెరుగుతోంది!" అన్నాడు ప్రిన్సిపాల్ గుసగుసగా. నిశ్శబ్దంలో తప్పులేవీ లేవు మరి. పరీక్ష ఇంకా ముగించలేదు గనక సమయం నడుస్తోంది, నడుస్తున్న సమయమంతా నిర్దోషంగా ఉంది. సుధాకర్ పెదవులమీద వేలు పెట్టుకుని సభనంతా హెచ్చరించాడు. మంత్రిగారు ఊపిరి బిగబట్టారు. ఎవరో దగ్గితే మార్కు తగ్గింది, దగ్గినవాణ్ణి ఇద్దరు పట్టుకుని మెత్తగా బయటికి దాటించారు. ముప్ఫై అయిదు దాటింది. ఇంక ముగించండి అన్నట్టు మీరావలి సైగ చేశాడు. పిల్ల భవిష్యత్తు దృష్ట్యా ప్రథమశ్రేణి వచ్చేదాకా ఆగుదామని ప్రిన్సిపాల్ సైగ చేశాడు. అరవై దాటాక, డిస్టింక్షన్ వస్తే కళాశాలకే పేరని సుధాకర్ సైగ చేశాడు. అంతమంది జనం, ఫ్యాన్లు కూడా ఆపుకుని, ఉక్కలో బొమ్మల్లా కూర్చుని ఒక అంకె వంక చూస్తూ ఉండిపోయారు. మధ్యలో సువర్చల ఒక్కతే నేలచూపులు చూస్తూ నిలబడింది.

డెబ్భై అయిదు దగ్గర మీట నొక్కారు. ఆ హాల్లో అంతగా చప్పట్లు ఎవరి పాటకీ మోగలేదు.

మంత్రిగారు స్వయంగా డిప్లొమా అందించారు. "అమ్మాయి మొదట్లో కొంచెం తడబడ్డా, తర్వాత బాగా అందుకుంది," అన్నారు విలేకరులతో. సుధాకర్ అప్పటికప్పుడు, సువర్చల గురువు అనుసరించిన పద్ధతిని అన్ని శాఖలకీ వర్తింపజేస్తామని, దానికి శిక్షకుడిగా మీరావలిని నియమిస్తామని ప్రకటించాడు. మీరావలి మెడలో దండ పడింది.

జనం పలచబడ్డాక పానకాలరావు మెట్లదగ్గర ఆ ఇద్దర్నీ కలిశాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మా, కొలువు నీదే. ఆర్డరు రేపు పంపిస్తా. డెబ్భై అయిదు మార్కులు రాబట్టి నన్ను అడిగేవాడు లేడు. కాని స్వామి దగ్గర మాత్రం ఆ ఏడు మార్కులదే వాయించు తల్లీ. ఈ డెబ్భై అయిదు మార్కులది మాకు రికార్డులో రెండేళ్ళ నుంచీ ఉంది, ఊరికే కరెంటు ఖర్చు."

ఎవరూ వినలేదని రూఢి చేసుకుని ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు.

మీరావలికి ప్రాణం లేచొచ్చింది. దండ తీసి మెట్టుమీద పెట్టాడు. "విన్నావా అమ్మాయ్? అనుకున్నది దక్కింది. ఇంకేం కావాల మనకి? ఆ టయానికి ఆపబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఏమయ్యేదో."

సువర్చల డిప్లొమా చుట్టి చంకలో పెట్టుకుంది. ఆమెకి కోపమేమీ లేదు. ఉంటే బాగుండునని తర్వాత అనిపించింది మీరావలికి.

"ప్రిన్సిపాల్ గారు ఆపమంటే ఆపేదాన్ని కాదు మాస్టారూ. మంత్రిగారు చెప్పినా ఆపేదాన్ని కాదు. సున్నా వస్తే రానీలే అనుకున్నా," అంది. "మీరు చెప్పారనే ఆపాను."

ఆయన ఏదో చెప్పబోయాడు. పిల్ల బతుకు అన్నాడు, కొలువు అన్నాడు, మీ నాయన అన్నాడు. ఏ ముక్కా చివరిదాకా రాలేదు. రెండేళ్ళలో ఆ తోడిని సర్క్యులర్ ఆపలేకపోయింది, కమిటీ ఆపలేకపోయింది, మూడో వెర్షనూ నాలుగో వెర్షనూ ఆపలేకపోయాయి.

"వస్తా మాస్టారూ, బస్సు పోద్ది," అని వంగి ఆయన కాళ్ళకి దండం పెట్టి, సువర్చల సన్నాయి సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళింది.